ఎడమ వెనక టైరు

జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పేసుకుందాం. అక్కకి ఇవాళ తీరిక లేదు, కూర్చోబెట్టి వినిపించే ఓపిక అంతకన్నా లేదు.

దారిలో చెడిపోయిన కార్లను ట్రాలీ మీదికి ఎక్కించి లాక్కొచ్చే పికప్పు వాళ్లది. పదిహేడు రోజుల కిందట, కొండ దారి దిగుతుండగా దాని ఎడమ వెనక టైరు పేలింది. నడుపుతున్నది తమ్ముడు. వెనక ట్రాలీ అడ్డం తిరిగింది, దాని మీది కారు జారి గోతిలో పడింది, పికప్పు రాతి గోడకి కొట్టుకుని ఆగింది. ముందు సీట్లో కూర్చున్న ఆ కారు సొంతదారు ఒక లెక్కల టీచరు. పాపం, ఆవిడ కాలు రెండుచోట్ల విరిగింది. ఆసుపత్రి వరండాలో పదిమందీ చూస్తుండగా నాన్న తమ్ముడి చెంప మీద ఒక్కటిచ్చి, "తప్పు నా కొడుకుదే. స్పీడు మీద పోయాడు" అనేశాడు. ముప్ఫై ఆరేళ్లు స్టీరింగు పట్టి బండి మీద ఒక్క గీత పడనివ్వని పెద్ద డ్రైవరు మాట అది. దాని మీద ఇంకొకరు మాట్లాడ్డానికి లేదు. తమ్ముడూ మాట్లాడలేదు. లాగుడు బండ్ల సంఘం వాళ్లు కాగితం తయారు చేశారు. స్పీడు తనదే, తప్పు తనదే, ఇక ఈ పనిలో బండి నడపను అని రేపు పదకొండింటికి వాడు దాని మీద సంతకం పెట్టాలి. అది పడిందంటే, ముప్ఫై నాలుగేళ్ల వాడికి చేతనైన ఒకే ఒక్క పని చేతిలోంచి పోతుంది.

ఇక అక్క. ఎవరికి అక్క అని అడక్కండి. సొంతానికి తమ్ముడొక్కడికే. కానీ షెడ్డులో మెకానిక్కు, ఎదురుగా టీ కొట్టతను, ఆవిడకన్నా పదేళ్లు పెద్దయిన వెల్డరు కూడా అక్కా అనే పిలుస్తారు. నలభై నాలుగేళ్ల మనిషి. ఫోనెత్తేది ఆవిడే, బండిని ఎక్కడికి పంపాలో చెప్పేది ఆవిడే, మనిషి చాలకపోతే గొలుసు తగిలించి లాక్కొచ్చేదీ ఆవిడే. పదిహేడు రోజులుగా నాన్న మాట తమ్ముడికీ, తమ్ముడి మాట నాన్నకీ మోసే పని కూడా నెత్తిన పడింది. "వాణ్ణి తినమని చెప్పు." "ఆకలి లేదని చెప్పక్కా." ఇద్దరూ ఒకే గదిలో, ఒకే బల్ల దగ్గర కూర్చుని ఉండగా నడిచిన సంభాషణ ఇది. మధ్యలో అన్నం కలుపుకుంటున్న అక్క కంచం తీసుకుని వసారాలోకి పోయింది.

ఆ మధ్యాహ్నం ఆవిడ స్టెప్నీ బిగించుకుని, పికప్పుని మెల్లగా గాలి బాబాయి కొట్టుకి తోలుకొచ్చింది.

గాలి బాబాయి ఎవరికీ బాబాయి కాడు. నలభై ఏళ్లుగా టైర్లు అమ్ముతున్నాడు, అంతకన్నా ఎక్కువగా కబుర్లు చెబుతున్నాడు. కొట్టు నిండా రబ్బరు వాసన. గోడ పొడుగునా పైకప్పు దాకా టైర్ల దొంతరలు, పంక్చర్లు చూసే నీళ్ల తొట్టి, ఒక కాలు విరిగితే కింద ఇటుక పెట్టిన కుర్చీ.

"గట్టివి కావాలి బాబాయ్. నాలుగూ. ఇక పదేళ్ల దాకా టైరన్న మాట నా చెవిన పడకూడదు."

"పదేళ్లా? అట్లాంటివి చేసినవాడు ఎప్పుడో ఫ్యాక్టరీ మూసుకుని పోయుంటాడు. ముందు కూర్చో."

"కూర్చుంటే లేవలేను. చూపించు."

బాబాయి దొంతర మీంచి ఒకటి దొర్లించుకొచ్చాడు. పిడికిలంత గడ్డలు తేలి, కుస్తీకి దిగినవాడిలా ఉంది. అక్క కళ్లు మెరిశాయి. "ఇదే. ఇవే ఇవ్వు."

"అందరూ దీన్ని చూసే పడిపోతారు" అన్నాడు బాబాయి. "ఇది బురదకీ, గుండ్రాళ్లకీ. నువ్వు పోయేది తారు రోడ్డు మీద, వెనక రెండు టన్నులు తగిలించుకుని. ఈ గడ్డలు ఆ బరువుకి తారు మీద అటూ ఇటూ ఊగుతాయి. ఊగితే వేడి, వేడెక్కితే అరుగుడు. ఏడాది తిరిగేసరికి నున్నగా అయిపోతుంది. అప్పుడొచ్చి నన్ను తిడతావు."

"మరి అది?" అంది ఇంకోదాన్ని చూపించి.

"అది కార్లకి. మెత్తగా, ఊయలలా పోతుంది. నీ ట్రాలీ బరువంతా కొక్కెం మీంచి వచ్చి వెనక రెండు టైర్ల మీదే కూర్చుంటుంది. దీని పక్కలు పలచన. మలుపు తిప్పావంటే బండి ఒకవైపు, టైరు ఒకవైపు."

చివరికి మూడోది తీశాడు. దాంట్లో చూడ్డానికేమీ లేదు. నిలువు గీతలు, మధ్యమధ్య సన్నటి గాట్లు, అంతే. బాబాయి దాని పక్కన బొటనవేలితో నొక్కబోయాడు. వేలు దిగలేదు.

"పది పొరల బలం. ఇదిగో, మోసే బరువు నంబరు ఇక్కడుంది, చదువుకో. అందం లేదు కానీ చాకిరీ చేస్తుంది. నీలాగే" అని, అన్నాక నాలుక కరుచుకున్నాడు.

అక్క నవ్వలేదు, కోపగించుకోనూ లేదు. అందులో అబద్ధమేముంది అనుకుంది. మోకాళ్లు నొప్పెడుతున్నా వంగి నాలుగు టైర్ల పక్కలూ వరసగా చూసింది. టైరు ఏ ఏడాది ఎన్నో వారంలో పుట్టిందో నాలుగంకెల్లో దాని ఒంటి మీదే ఉంటుంది. మూడింటికి ఈ ఏడాది అంకె ఉంది. నాలుగోది ఐదేళ్ల కిందటిది.

"ఇది తీసెయ్ బాబాయ్."

"ఒక్క గజం కూడా తిరగలేదమ్మా అది."

"తిరక్కపోతే ఏం, ముసలిదైంది. అద్దంలో నా కళ్ల ముందే నేను అవుతున్నట్టు. మార్చు."

బాబాయి గొణుక్కుంటూ లోపలికి పోయి వేరేది తెచ్చాడు. నాలుగూ బిగించి, వెనక రెండింటికీ అరవై ఐదు పాయింట్లు గాలి కొట్టాడు. అరవై ఐదు ఆవిడకి కంఠతా వచ్చిన అంకె. ట్రాలీ తగిలించినప్పుడు వెనక టైర్లలో ఎంతుండాలో కాగితం మీద రాసి, నాలుగేళ్ల కిందట డ్రైవరు తలుపు లోపలివైపు అంటించింది తనే. డబ్బాలో గేజి పెట్టిందీ తనే.

ఇక బయల్దేరబోతుంటే బాబాయి పిలిచాడు.

"పేలింది బండి వెనకాలే పడుంది కదా, నువ్వు టైర్లు చూస్తుంటే డిస్కు నుంచి ఊడదీశాను. ఇలా రా."

పదిహేడు రోజులుగా ఆ టైరు బండి తొట్టెలో పడి ఉంది. దాని వంక ఎవరూ చూడలేదు. పెద్ద డ్రైవరు స్పీడన్నాక ఇక చూసేదేముంది? బాబాయి దాన్ని కత్తితో కోసి, లోపలి పక్కని వెలుతురుకి తిప్పాడు. చెయ్యి పెట్టి తుడిస్తే అరచేతికి నల్లటి పొడి అంటింది. టైరు చుట్టూ, గీసినట్టు, ఒక వలయం. అక్కడ రబ్బరు నలిగి, పోగులు బయటపడి ఉన్నాయి.

"స్పీడుకి పోయింది కాదమ్మా ఇది. మేకు దిగిందీ కాదు. గాలి చాలక పోయింది. గాలి తక్కువైతే పక్కలు తిరిగినప్పుడల్లా మడత పడతాయి. మీద బరువుంటే ఆ మడతల్లోనే ఉడికిపోతుంది. పైన నీకేం కనిపించదు. లోపల ఇట్లా పొడైపోయి, ఉన్నట్టుండి ఢామ్మంటుంది."

"చాలా రోజులుగా అలా నడిపాడా?"

"లేదు లేదు. రోజూ ఇట్లా నడిపితే ఎప్పుడో పోయేది. అది ఆ ఒక్కరోజు పని." బాబాయి ఆ వలయం ఉన్నచోట జానెడు ముక్క కోసి ఇచ్చాడు. "సంఘం వాళ్లకి చూపించు. స్పీడు కాదని చెప్పు."

అక్క ఆ ముక్కని సంచిలో వేసుకుంది. "చూపిస్తే మాత్రం ఏమవుతుంది బాబాయ్? బండి తీసేముందు గాలి చూసుకోవాల్సింది డ్రైవరే కదా. ఈ తప్పు కాకపోతే ఆ తప్పు. ఏదైనా వాడిదే."

ఇల్లు చేరేసరికి ఇంకా వెలుగుంది. తమ్ముడు వెనక వసారాలో కూర్చుని, వాడని గొలుసులకి నూనె పూస్తున్నాడు. పూసినవాటికే మళ్లీ పూస్తున్నాడు.

"ఆ రోజు గాలి చూశావా?" అంది అక్క నిలబడే.

"చూళ్లేదు."

తడుముకోలేదు, నీళ్లు నమల్లేదు. అడుగుతారని కాచుక్కూర్చున్నట్టు చెప్పేశాడు. ఇంకో రోజైతే అక్కకి అక్కడే అనుమానం వచ్చేది. ఆ సాయంత్రం ఆవిడకి కోపం వచ్చింది. కోపం వచ్చినా అరిచే ఓపిక లేక లోపలికి పోయి గోడవైపు తిరిగి పడుకుంది. నాలుగేళ్ల కిందట తలుపుకి అంటించిన కాగితం, అంత కష్టపడి నేర్పిన పని, అన్నీ వృథా అనుకుంది. తమ్ముడి మీద జాలి కూడా మిగల్లేదు ఆవిడకి. అదే ఆవిణ్ణి ఎక్కువ భయపెట్టింది.

పొద్దున్న ఆరున్నరకి నీళ్లు పట్టడానికి పెరట్లోకి వచ్చింది. తమ్ముడు అప్పటికే లేడు. ఆ పికప్పులో కూర్చోలేక సంఘం ఆఫీసుకి బస్సులో పోయాడని వాడి భార్య చెప్పింది. చెప్పి, ఇంకేం అడుగుతుందోనని తలవంచుకుని వంటింట్లోకి పోయింది.

అప్పుడు వినిపించింది. సన్నగా, ఆగకుండా, బుస్సుమని.

బండి వెనక్కి వెళ్లి చూస్తే నాన్న. గొంతుక్కూర్చుని, ఎడమ వెనక టైరు వాల్వు పిన్నుని ఇంటి తాళంచెవి మొనతో నొక్కి పట్టుకుని ఉన్నాడు. రెండో చేత్తో చెక్క సుత్తి పట్టుకుని టైరుని తడుతూ, చెవి దగ్గర పెట్టి, ఆ చప్పుడులో గాలి ఎంతుందో వింటున్నాడు. పసిపిల్ల గుండె చూసే డాక్టరు ముఖంలో ఉండే శ్రద్ధ ఆ ముఖంలో ఉంది.

"ఏం చేస్తున్నావు నాన్నా?"

ఆయన ఉలిక్కిపడలేదు. "ఆ గాలాయనకి బుద్ధి లేదు. రాయిలా కొట్టి పంపాడు. ఎండెక్కిందంటే లోపల గాలి ఉబ్బుతుంది, పేలుతుంది. కాస్త తగ్గిస్తున్నా."

అక్క డబ్బాలోంచి గేజి తీసి పెట్టింది. నలభై ఆరు.

"బండి బయల్దేరే రోజు ఎప్పుడూ తీస్తావా?"

"ఎప్పుడూ ఏం కాదు. బరువు లాగే రోజు, ఎండ రోజు." ఆయన మోకాళ్ల మీద చేతులాన్చి లేవబోయాడు. "నువ్వా కాగితం అంటించి, నీ చెవుల కాలం అయిపోయింది నాన్నా అన్నావు కదా అందరిలో. అందుకే మీరు లేవకముందే చూసుకుంటా. నవ్వుతారని."

అన్నది నిజమే. మెకానిక్కు ముందూ, వెల్డరు ముందూ అంది. వాళ్లు నవ్వారు కూడా. నాన్న కూడా నవ్వేసరికి ఆ సంగతి అక్కడితో అయిపోయిందనుకుంది.

"ఆ రోజు?" అంది.

"ఏ రోజు?"

"టీచరుగారి కారు లాగిన రోజు."

నాన్న తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "ఆ రోజు కూడా ఎండే కదా" అన్నాడు మామూలుగా.

అక్క సంచి తెచ్చి, ఆ జానెడు రబ్బరు ముక్క ఆయన చేతిలో పెట్టింది. ముప్ఫై ఆరేళ్ల చెయ్యి అది. బొటనవేలు ఆ వలయం మీద మెల్లగా పోయింది, ఆగింది, మళ్లీ వెనక్కి వచ్చింది. పొడి రాలి ఆయన పంచె మీద పడింది. ఆయన ముక్కుకి దగ్గరగా పెట్టుకుని వాసన చూశాడు. తర్వాత నేల మీద చతికిలబడ్డాడు.

"గాలి లేక ఉడికింది" అన్నాడు.

"అవును నాన్నా."

"నేను తీసినందుకు."

అక్కకి ఆ క్షణంలో కాదనాలనిపించింది. ఏదో ఒకటి అడ్డం వేసి ఆయన్ని లేపాలనిపించింది. వెంటనే ఆసుపత్రి వరండా, ఆ చెంపదెబ్బ చప్పుడు గుర్తొచ్చి నోరు మూసుకుంది.

"నాకో జోడీ డ్రైవరుండేవాడు" అన్నాడు నాన్న. "మీరెవరూ చూడలేదు వాణ్ణి. నిండా గాలి కొట్టించిన టైరు, ఎండలో నిలబెట్టిన బండి. వంగి చూస్తుంటే ముఖాన పేలింది. కన్ను పోయింది. ఆ రోజు నుంచి నిండు గాలంటే నాకు భయం. నా పిల్లల బండికి అలా జరక్కూడదని..." చెయ్యి ఎత్తి, తన అరచేతిని చూసుకున్నాడు. "వాణ్ణి కొట్టానే."

"కొట్టావు."

"వాడికి చెప్పకు."

అక్క ఆయన వంక చూసింది. ఈ ఇంట్లో ఎవరేం చెయ్యకూడదో, ఎవరికేం చెప్పకూడదో అన్నీ తన దగ్గరే పోగవుతున్నాయి. ఇరవయ్యేళ్లుగా మోస్తోంది. నిజంగా, ఒళ్లు నొప్పులకన్నా ఇదే ఎక్కువ అలసట.

"లే నాన్నా. చొక్కా మార్చుకో. పదకొండుకి వాడు సంతకం పెట్టకముందు నువ్వొచ్చి చెప్పాలి."

"అంతమంది ముందా?"

"కొట్టింది అంతమంది ముందే కదా."

అలా అన్నందుకు ఆవిడకి ఏడుపొచ్చింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

ఆయన చొక్కా మార్చుకోవడానికి గంటన్నర పట్టింది. గుండీలు పెట్టుకుని, మళ్లీ తీసి, ఇంకో చొక్కా వేసుకుని, దానిమీద చేతులు తుడుచుకుని, చివరికి మొదటిదే వేసుకొచ్చాడు. సంఘం ఆఫీసు ఇంటి నుంచి ముప్ఫై కిలోమీటర్లు. మలుపులో ఉన్న పెట్రోలు బంకు దగ్గర అక్క బండి ఆపి వెనక టైర్లకి మళ్లీ అరవై ఐదు కొట్టించింది. నాన్న దిగలేదు. అద్దంలోంచి, గాలి పట్టినకొద్దీ పైకి లేస్తున్న బండి వెనక భాగాన్ని చూస్తూ కూర్చున్నాడు.

పదీ ఇరవై అయింది. రోడ్డు నిండా లారీలు. కొత్త టైర్లు గట్టిగా, కుదుపులు దాచకుండా పోతున్నాయి. అక్క తమ్ముడికి ఫోన్ కలిపింది. స్టీరింగు వదల్లేక స్పీకరు పెట్టి, ముందు గాజు కింద స్టాండులో పెట్టింది. రెండుసార్లు మోగి ఆగిపోయింది. మూడోసారి ఎత్తాడు.

"ఎక్కడున్నావురా?"

"వరండాలో. నా ముందు ఒకాయన ఉన్నాడు. తర్వాత నేనే."

"సంతకం పెట్టకు. టైరు పేలింది స్పీడుకి కాదు, గాలి లేక. ఆ గాలి ఎలా పోయిందో తెలిసింది."

అవతల ఎవరివో మాటలు, ఫ్యాను తిరుగుతున్న చప్పుడు.

"తెలిసిపోయిందా" అన్నాడు చివరికి. ఆ గొంతులో ఆశ్చర్యం లేదు. దొరికిపోయినవాడి నీరసం ఉంది.

"నీకు తెలుసా?"

"తెలుసక్కా."

ఇక్కడ ఆవిడ చెప్పి ఉండాల్సింది. నాన్న పక్కనే ఉన్నాడురా, వింటున్నాడు అని ఒక్కమాట. లేదా ఆ స్పీకరు ఆపెయ్యాల్సింది. వేలు అంతదాకా వెళ్లింది కూడా. వెళ్లి, వెనక్కి వచ్చేసింది. ఒకరి మాట ఇంకొకరికి చేర్చే పని ఈ ఒక్కసారికి తనవల్ల కాదనుకుంది. మీరు దాన్ని మోసమనుకుంటే అనుకోండి. నాన్న కూడా కదల్లేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆ ఫోను వంకే చూస్తున్నాడు.

"తెలిసి ఎలా బండి తీశావురా?"

"నాన్న గాలి తీయడం కిటికీలోంచి చూసేవాణ్ణి. సుత్తితో కొట్టి, చెవి పెట్టి, అంత శ్రద్ధగా. అలా చెయ్యకూడదు నాన్నా అని ఎలా చెప్తాను? ఆయనకి మిగిలింది ఆ ఒక్క పనే కదక్కా. స్టీరింగు మానిపించాం, తాళాలు తీసుకున్నాం, నువ్వు కాగితం అంటించావు. అందుకే ఏం అనకుండా బయల్దేరి, మలుపులో బంకు దగ్గర ఆపి, మళ్లీ అరవై ఐదు కొట్టించుకుని పోయేవాణ్ణి. ఆయన తీసేవాడు, నేను నింపుకునేవాణ్ణి. ఎవరికీ ఏం కాలేదు."

"మరి ఆ రోజు?"

"ఆ రోజు బంకులో గాలి మిషను పాడైంది. అక్కణ్ణించి వేరే చోటికి పోవాలంటే అరగంట. టీచరుగారు కొండ మీద ఎండలో ఒక్కరే నిలబడి ఉన్నారు, నువ్వు రెండుసార్లు ఫోన్ చేశావు, ఇంకా బయల్దేరలేదా అని. దిగాక చూసుకుందాంలే అనుకున్నాను. అది నా తప్పే కదా. అందుకే కొడితే పడ్డాను."

రెండుసార్లు చేసిన మాట నిజమే. మూడోసారి కూడా చేసింది, వాడు ఎత్తలేదు. అక్కకి రోడ్డు మసకబారింది. భుజంతో కళ్లు తుడుచుకుంది.

"నేను వస్తున్నానురా. ఉన్నదున్నట్టు చెబుదాం."

"వద్దక్కా." వాడి గొంతు మొదటిసారి గట్టిపడింది. "ఉన్నదున్నట్టు చెప్తే ఆయన పేరు వస్తుంది. ఇక్కడ వరండాలో ఆయన ఫొటో ఉంది, చూశావా? పెద్ద డ్రైవరని కింద రాసుంది. ఇక్కడి వాళ్లందరూ ఆయన దగ్గరే నేర్చుకున్నారు. రేపట్నుంచి ఆ ముసలాయన గాలి తీసి కొడుకుని చంపబోయాడట అని చెప్పుకుంటారు. నాకు ముప్ఫై నాలుగేళ్లు, ఏదో ఒక పని చేసుకుంటాను. ఆయనకి ఇంకేముంది? సంతకం పెట్టేస్తాను. నువ్వు మాత్రం ఒక్కటి చెయ్యి. నాన్నకి నేను చూశానన్న సంగతి ఎప్పటికీ తెలియనివ్వకు."

అవతల ఒక కుర్చీ జరిగిన చప్పుడైంది. ఎవరో తమ్ముణ్ణి రమ్మని పిలిచారు, కాగితం సిద్ధంగా ఉందన్నారు.

"వస్తున్నానండీ" అన్నాడు వాడు వాళ్లతో. "ఉంటానక్కా."

నాన్న ముందుకి వంగాడు. సీటు బెల్టు పట్టేసింది. దాన్ని లాక్కుని, ఇంకా వంగి, ఫోనుకి నోరు ఆనించినంత దగ్గరగా పెట్టాడు. పద్దెనిమిది రోజుల తర్వాత కొడుకుతో నేరుగా మాట్లాడిన మొదటి మాట అది.

"ఎన్నేళ్ల నుంచి నింపుకుంటున్నావురా?"